రాతిలో మిగిలిన రెక్క ఎవరిది? ఈనెలు పట్టుకుని పోల్చుకునే పద్ధతి

ముందే చెప్పేస్తాను, రాతిలో రెక్క కనబడగానే అందరి చూపూ మచ్చల మీదకే పోతుంది, దెబ్బతినేది కూడా అక్కడే. చైనాలో ఇన్నర్ మంగోలియా వైపు డావోహుగోవు అనే చోట సుమారు 16 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి పొరల్లో దొరికే రెక్కల మీద నెమలికన్నులాంటి మచ్చలు ఎంత స్పష్టంగా ఉంటాయంటే, ఎవరైనా సీతాకోకచిలుకే అంటారు. కాదు. అవి కాలిగ్రమాటిడే అనే కుటుంబానివి, అల్లిక రెక్కల పురుగుల్లో ఒక శాఖ. సీతాకోకచిలుకలు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే వచ్చి, క్రెటేషియస్‌లోనే, అంటే డైనోసార్ల చివరి కాలంలోనే అంతరించిపోయాయి. ఈ పొరపాటు మనకు కొత్తేమీ కాదు లెండి. 1873లో బట్లర్ అనే పెద్దమనిషి ఇంగ్లండులోని స్టోన్స్‌ఫీల్డ్ రాతిలో దొరికిన రెక్కకు పాలియోంటినా అని పేరు పెట్టి సీతాకోకచిలుక అని ప్రకటించారు, తర్వాత చూస్తే అది చెట్ల మీద రొదపెట్టే సికాడాల చుట్టం. మచ్చలు, ఆకారం, సైజు, ఇవన్నీ అబద్ధం చెప్పగలవు. ఈనెలు, అంటే ఆకు ఈనెల్లా రెక్కలో పారే గట్టి గీతలు, అంత తేలిగ్గా చెప్పవు.

అల్లిక రెక్కల పురుగు అంటే ఎవరో తెలియని వాళ్ల కోసం: పత్తి చేలో పేనుబంకను తినే పిల్లపురుగులు గుర్తున్నాయా, క్రైసోపా అని రైతులకు చెబుతుంటారే, పెద్దయ్యాక లేతాకుపచ్చగా, జల్లెడలాంటి రెక్కలతో ట్యూబ్‌లైటు దగ్గర వాలేది, అదే. ఆకు మీద సన్నటి దారం నిలబెట్టి దాని కొసన గుడ్డు పెడుతుంది. ఇసుకలో గరాటులా గుంట చేసుకుని చీమల కోసం కాచుక్కూర్చునే పురుగు కూడా ఈ కులంలోదే. ఈ మొత్తం గుంపును న్యూరోప్టెరా అంటారు. పర్మియన్ కాలం నుంచి ఉంది, అంటే డైనోసార్ల కంటే పాతది.

నా సలహా ఏమిటంటే శిలాజం జోలికి వెళ్లేముందు బతికున్న రెక్కతో ఓ వారం గడపండి. లైటు కింద చచ్చిపడిన క్రైసోపా ఒకటి దొరుకుతుంది, రెక్క తీసి తెల్లకాగితం మీద పెట్టి ఫోన్‌తో మాక్రో ఫొటో తీయండి, లేదా పదింతలు చూపించే భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఆ ఒక్క రెక్కను మొదలు నుంచి కొస దాకా చేత్తో గీయండి. గీయకుండా చూసినదంతా చూసినట్టు కాదు, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడు పేర్లు. 1898, 99ల్లో కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు పురుగులన్నిటికీ కలిపి ఒక పేర్ల పద్ధతి పెట్టారు, ఇప్పటికీ నడుస్తున్నది అదే. రెక్క ముందంచున ఉండే గట్టి ఈనె కోస్టా. దాని వెనకే సబ్‌కోస్టా. ఆ తర్వాత రేడియస్, ఇది రెండు పాయలవుతుంది, ముందు పాయ సూటిగా కొసకేసి పోతుంది, వెనక పాయ దువ్వెనలా వరసగా కొమ్మలు వేస్తుంది. తర్వాత మీడియా, క్యూబిటస్, చివర్లో అనల్ ఈనెలు. పాత పరిశోధన పేపర్లలో రేడియస్ వెనక పాయను ఆర్‌ఎస్ అంటారు, కొత్తవాటిలో ఆర్‌పి. ముందు పాయ ఒకచోట ఆర్1, ఇంకోచోట ఆర్‌ఏ. కంగారు పడకండి, ఒకే ఈనెకు రెండు పేర్లు, ఇంట్లో ఒక పేరూ బళ్లో ఒక పేరూ ఉన్నట్టు. నిజమైన గొడవ మీడియా దగ్గర ఉంది, దాని ముందు పాయ మొదట్లోనే రేడియస్‌తో కలిసిపోతుంది కాబట్టి ఎక్కడ ఎవరు మొదలవుతున్నారో చెప్పడం కష్టం. రెక్క ఇంకా ప్యూపాలో ఉన్నప్పుడు ఈనెల లోపల పోయే గాలిగొట్టాలను చూసి ఈ చిక్కు విప్పే ప్రయత్నం 2017లో జరిగింది. శిలాజంలో మనకు ఆ గొట్టాలు కనబడవు, అందుకే మీ బొమ్మ మీద ఏ పద్ధతి పేర్లు వాడారో ఒక మూల రాసి పెట్టుకోండి.

ఇక రాయి. రాయి చీల్చినప్పుడు కందిపప్పు బద్దల్లా రెండు చెక్కలవుతుంది, రెక్క ఒకదానిలో ఉబ్బుగా, రెండోదానిలో గుంటగా అచ్చు పడుతుంది. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా తలకిందులవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. బతికున్న రెక్క చదునైన గాజుపలక కాదు, దున్నిన చేనులా గట్టూ చాలూ గట్టూ చాలూ అన్నట్టు ఉంటుంది. పైనుంచి చూస్తే సబ్‌కోస్టా చాలులో ఉంటుంది, రేడియస్ ముందు పాయ గట్టు మీద, వెనక పాయ మళ్లీ చాలులో. ఇంకొంచెం వెనక క్యూబిటస్ ముందు పాయ మళ్లీ గట్టు. ఈ వరస ప్రకృతి మార్చదు, అందుకే ఈనె ఎవరో తెలియనప్పుడు అది గట్టా చాలా అని చూస్తే సగం చిక్కు విడిపోతుంది. కానీ మీ చేతిలో ఉన్నది ప్రతి అచ్చు, అంటే రెక్క తిరగబడి పడిన రెండో చెక్క అయితే గట్లన్నీ చాళ్లు, చాళ్లన్నీ గట్లు. దానితోపాటు ఎడమ రెక్క కుడి రెక్కలా కనిపిస్తుంది.

నేను దీని దగ్గర ఎలా బోల్తా పడ్డానో చెబుతాను. ఒక ఫొటో మీద రాత్రి రెండింటి దాకా కూర్చుని, ఈనెలన్నీ గీసి, పేర్లు కూడా రాసేశాను. సబ్‌కోస్టా గట్టు మీద వస్తోంది, సరే ప్రతి అచ్చు అనుకున్నాను, ఆ లెక్కన మిగతావన్నీ తిప్పి రాశాను. పొద్దున కాఫీ తాగుతూ ఫొటోను ఊరికే తలకిందులు చేసి చూస్తే గట్లన్నీ చాళ్లయిపోయాయి! ఫొటో తీసిన వాళ్లు లైటు కింద కుడివైపు నుంచి వేశారు. మన కన్ను వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందనుకుంటుంది, అందుకే కింది నుంచి లైటు వేస్తే గుంట గుట్టలా కనిపిస్తుంది. అప్పటి నుంచి ఒకటే రూలు, లైటు ఎడమవైపు పైనుంచి, బాగా కిందికి వాల్చి, రాతికి దాదాపు తాకుతున్నట్టు వేయాలి. ఇంకొకరు తీసిన ఫొటో అయితే రాతి మీది ఏదో ఒక గీతనో రేణువునో చూసి నీడ ఎటు పడిందో ముందు తేల్చుకోవాలి. ఈ పని రెండు నిమిషాలు, చేయకపోతే ఒక రాత్రి.

డావోహుగోవు, చైనాలోనే ఉన్న లియావోనింగ్ పొరల్లోవి నల్లటి మరకలా ఉంటాయి కాబట్టి వాటి మీద కాస్త ఆల్కహాల్ తడిపితే ఈనెలు టక్కున తేలతాయి, ఆరిపోయేలోపు ఫొటో తీసుకోవాలి. బ్రెజిల్‌లోని క్రాటో సున్నపురాతివి వేరు, లేత మీగడరంగు రాతి మీద తుప్పురంగులో పురుగు కనిపిస్తుంది. మార్కెట్లో అమ్మే వాటిలో ఈనెలు కలంతో దిద్దినవీ, రెండు పురుగుల ముక్కలు అతికించినవీ ఉంటాయి, దిద్దిన ఈనె ఒకే మందంతో పోతుంది, అసలు ఈనె మొదట్లో లావుగా ఉండి కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. అయినా కొనే ఆలోచనే పెట్టుకోకండి, బ్రెజిల్‌లో 1942 నుంచే శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. మ్యూజియంలు పెట్టిన ఫొటోలూ ఉచితంగా దొరికే పేపర్లలోని ఫొటోలూ నేర్చుకోవడానికి బోలెడు.

సరే, లైటు సరిపోయింది, ఏ చెక్కో తెలిసింది. ఇప్పుడు ఫొటోను కంప్యూటర్లో పెట్టి పైన ఖాళీ లేయర్ వేసుకోండి, ఇంక్‌స్కేప్ గానీ క్రిటా గానీ ఉచితమే. కనబడిన ఈనెను నిండు గీతతో, ఇక్కడ ఉండి ఉండాలి అనిపించిన ఈనెను చుక్కల గీతతో గీయండి. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి, మరుసటి రోజుకి మీ ఊహ ఏదో మీ కన్ను చూసింది ఏదో మీకే గుర్తుండదు. రెక్క అంచు దాటి రాతిలోకి కూడా సాగిపోయే గీత ఈనె కాదు, పగులు. ఒకే చోట అడ్డ ఈనెలు మరీ దట్టంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, రెండు దోమతెరలు కలిపి చూసినట్టు కనిపిస్తే అక్కడ ముందు రెక్కా వెనక రెక్కా ఒకదాని మీద ఒకటి పడ్డాయన్నమాట, రెండు రంగులు తీసుకుని విడివిడిగా గీయాలి. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తే ఇది సులువు, ఎందుకంటే అంచు దగ్గర రెండు రెక్కలూ విడిపోయి ఉంటాయి.

మొదటి ప్రశ్న, అసలిది న్యూరోప్టెరానేనా? ముందంచుకీ సబ్‌కోస్టాకీ మధ్య పట్టీలో నిచ్చెన మెట్లలా బోలెడు అడ్డ ఈనెలు ఉండాలి. రేడియస్ వెనక పాయ నుంచి దువ్వెన పళ్లలా కొమ్మలు రావాలి. ఆ కొమ్మలు అంచుకు చేరుతూ చిన్న చిన్న పంగలుగా చీలాలి, ఈ అంచు పంగలు చాలావాటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రాతి రేణువులు బాగా సన్నటివైతే అంచు వెంబడి ఈనె కొసల మధ్యన ఆవగింజల్లాంటి చిన్న గట్టి చుక్కలు కూడా కనిపించొచ్చు, వాటిని ట్రైకోసోర్లు అంటారు. కనబడితే మీ అదృష్టం. ముందంచు మధ్యలో నొక్కులాంటి కీలు ఉండి సబ్‌కోస్టా అక్కడే ఆగిపోతే తూనీగ. సబ్‌కోస్టా కొస దాకా వెళ్లకుండా ముందంచులోకి దిగిపోతే స్నేక్‌ఫ్లై అనే వేరే పురుగు కావచ్చు. ముందంచు పట్టీలో అడ్డ ఈనెలే లేకుండా, మొత్తం మీద ఈనెలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండి రెక్క పెద్దగా మచ్చలతో ఉంటే ఆ బట్లర్ గారి సికాడా చుట్టాలు, డావోహుగోవులో ఇవి కూడా దొరుకుతాయి కాబట్టి జాగ్రత్త.

ముందు రెక్కా వెనక రెక్కా తేల్చుకోవాలి, దానికి ముందంచు పట్టీ వెడల్పు చూస్తే చాలావరకు సరిపోతుంది, ముందు రెక్కలో వెడల్పు, వెనక రెక్కలో ఇరుకు. కుటుంబాల గుర్తులు చెప్పేవన్నీ ఎక్కువగా ముందు రెక్కకే.

ఇప్పుడు అసలు పని. నేను ఎప్పుడూ సబ్‌కోస్టా కొస నుంచి మొదలుపెడతాను. అది రేడియస్ ముందు పాయతో కలిసిపోయిందా, విడిగానే పోయిందా? కలిసిపోయి, ఆ కలిసినచోటు కింద అడ్డ ఈనెలు లేని పొడవాటి గది ఒకటి ఉంటే ఇసుకగుంట పురుగుల వైపు చూడండి. క్రాటోలో దొరికే బాబిన్‌స్కాయిడే లాంటి అంతరించిన వాళ్లు ఈ గుంపుకు దగ్గరివాళ్లే, రెక్క సన్నగా పొడుగ్గా ఉంటుంది. కలిసిపోయి, గది మాత్రం అలా లేకుండా, ఈనెల మధ్యన గుండుసూది తలంత గుండ్రటి చుక్కలు ఒకటో రెండో కనిపిస్తే ఆస్మిలిడే. ఆ చుక్కలు రంగు మచ్చలు కావు, నిగ్మాలు అంటారు, రెక్క పొరలోనే ఉంటాయి.

విడిగానే పోయిందనుకోండి. ముందంచు పట్టీలో అడ్డ ఈనెలు పంగలు చీలకుండా సూటిగా ఉన్నాయా? రెక్క మధ్యలో రేడియస్ వెనక పాయ కొమ్మలు, మీడియా కొమ్మలు మెలికలు తిరిగి ఒకదానితో ఒకటి అతుక్కుని కొత్తగా ఒక పొడుగు ఈనెలా నడుస్తున్నాయా? బయటివైపు అడ్డ ఈనెలు రెండు మెట్ల వరుసలు కట్టాయా? అయితే మన పత్తి చేలో క్రైసోపా కుటుంబమే. ఆ దొంగ ఈనెను సూడోమీడియా అంటారు, పేరులోనే ఉంది దొంగతనం. బతికున్న రెక్క గీయమన్నది ఇందుకే, ఒకసారి చేత్తో గీసినవాళ్లు దీన్ని ఎక్కడున్నా పోలుస్తారు. అలాకాక పట్టీలో అడ్డ ఈనెలు పంగలు చీలుతూ ఉండి, రేడియస్ నుంచి వెనక పాయలు ఒకటి కాదు, రెండో మూడో అంతకన్నా ఎక్కువో విడివిడిగా బయల్దేరుతుంటే హెమెరోబిడే, గోధుమరంగు చిన్న పురుగులు. వీటిలో చాలావాటికి రెక్క మొదట్లో ఒక చిన్న ఈనె భుజం వైపు వెనక్కి వంగి కొమ్మలు వేస్తుంది, అది కూడా చూడండి. మొత్తం రెక్క కొన్ని మిల్లీమీటర్లే ఉండి అడ్డ ఈనెలు దాదాపు లేకపోతే కోనియోప్టెరిజిడే, పిండి చల్లినట్టుండేవి, వీటి జోలికి మొదట్లో వెళ్లకండి, ఓపిక పోతుంది.

మిగిలింది వెడల్పు రెక్కల వాళ్లు, నాకు ఇష్టమైన వాళ్లు. త్రికోణంలా విచ్చుకున్న రెక్క, ముందంచు పట్టీ బాగా వెడల్పు. ఇక్కడ రేడియస్ దగ్గరికి వెళ్లి చూడండి. సబ్‌కోస్టా, రేడియస్ ముందు పాయ, వెనక పాయ, మూడూ గట్టిపడి, దగ్గర దగ్గరగా, రైలు పట్టాల్లా సమాంతరంగా నడిచి, కొసకు కొంచెం ముందే మూడూ ఒకే చోట ఒక అడ్డ ఈనెతో ముడిపడి ఆగిపోయినట్టు ఉంటే సైకోప్సిడే. ఆ మూడు ఈనెల కట్టకు వీనా ట్రిప్లికా అని పేరు. ఈ కట్ట లేకుండా, రెక్క నిండా కొమ్మలు మరీ దట్టంగా, వాటి మధ్య అడ్డ ఈనెలు కూడా రెక్క అంతటా చేపలవలలా ఉంటే అప్పుడు కాలిగ్రమాటిడే అనండి. కంటిమచ్చ ఉంటే అది బోనస్. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ రాతి నుంచి కాలిగ్రామా హెకెలై అని 1904లో వాల్తర్ పేరు పెట్టిన పురుగుతో ఈ కుటుంబం కథ మొదలైంది. తర్వాత కజకిస్తాన్‌లోని కరటావులో, చైనాలో దొరికాయి. వీటిలో పెద్దవి రెక్కలు చాపితే 16 సెంటీమీటర్ల దాకా వచ్చేవి, మన జానెడుకు కాస్త తక్కువ.

రంగు ఎంత మోసం చేస్తుందో చూడాలంటే అదే డావోహుగోవులో బెల్లినింఫా అనే పురుగు ఉంది, 2010లో పేరు పెట్టారు, సాక్రాస్మిలిడే అనే అంతరించిన కుటుంబం. ఫొటో చూస్తే మీరు ఆకు శిలాజం అనే పక్కన పెట్టేస్తారు, మధ్యన నడుము ఈనె, రెండువైపులా ఈకల్లా చీలిన రెమ్మలు, సైకాడ్ అనే ఈతలాంటి మొక్క ఆకే. ఆ రెమ్మలన్నీ రంగుతో వేసుకున్నవి! భూతద్దం పెట్టి చూస్తే ఆ రంగు పట్టీలు వేరు, ఈనెలు వేరు. పూలు పూసే మొక్కలు లోకాన్ని కమ్ముకోకముందే ఒక పురుగు ఆకు వేషం ఇంత పక్కాగా వేసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పనికొచ్చే మాట ఏమిటంటే, గీసేటప్పుడు ఫొటోను నలుపు తెలుపు చేసుకుని రంగుకూ ఎత్తుపల్లాలకూ వేర్వేరు లేయర్లు పెట్టుకోండి.

పెద్దవాళ్లు కూడా తప్పుతారు, దానికి టెన్షన్ పడొద్దు. 2012లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం ఫేయట్‌విల్‌లో ఒక వాల్‌మార్ట్ గోడ మీద మైకేల్ స్క్వార్లా అనే కీటక శాస్త్రజ్ఞుడికి ఒక పెద్ద పురుగు దొరికింది. ఇసుకగుంట పురుగు తాలూకు పెద్దపురుగు అనుకుని లేబుల్ వేసి పెట్టెలో పెట్టేశారు. 2020లో ఆన్‌లైన్ క్లాసులో విద్యార్థులకు దాన్ని కెమెరా కింద చూపిస్తూ గుర్తులు ఒక్కొక్కటే చెబుతుంటే, లేబుల్‌కీ పురుగుకీ పొంతన లేదని ఆయనకే తోచింది. అది పాలీస్టోకోటెస్ పంక్టాటా, అమెరికా తూర్పు భాగంలో 1950ల నుంచి కనబడకుండా పోయిన జాతి, జురాసిక్ కాలం నాటి వంశం. క్లాసు జరుగుతుండగానే, విద్యార్థులందరూ చూస్తుండగా తేలింది. ఎనిమిదేళ్లు పెట్టెలో పడున్న రెక్కలో ఏమీ మారలేదు, చూసే పద్ధతి మారింది, వరసగా గుర్తులు చూశారు.

చివరగా పేరు రాయడం. పూర్తి రెక్క దొరకడం అరుదు, కొస విరిగిపోతుంది, మొదలు మట్టిలో ఉండిపోతుంది. కొస లేకపోతే సబ్‌కోస్టా కలిసిందో లేదో చెప్పలేరు, అంటే పైన నేను చెప్పిన మొదటి మలుపే మీకు లేదు. మొదలు లేకపోతే రేడియస్ నుంచి ఎన్ని పాయలు బయల్దేరాయో తెలియదు. అలాంటప్పుడు జాతి పేరు దాకా పరుగెత్తకండి, ఏ గుర్తు దాకా చూడగలిగారో ఆ మెట్టు మీదే ఆగండి. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: న్యూరోప్టెరా, బహుశా ముందు రెక్క, ఎడమదా కుడిదా తెలియదు, ప్రతి అచ్చు కావచ్చు, మధ్యభాగం 2 సెంటీమీటర్లు, రేడియస్ వెనక పాయ కొమ్మలు కనీసం 7, అడ్డ ఈనెల మెట్ల వరుస ఒకటి స్పష్టం, రెండోది చుక్కల గీత. కుటుంబం పేరు దగ్గర గీత గీసి ఖాళీ వదిలేశాను, పెన్సిల్‌తో.